ఇల్లు అరిగి విభక్తి అయిన కథ : స్వీడిష్ మాట ‘హోస్’

‘డు, ము, వు, లు ప్రథమా విభక్తి, ని, ను, ల, కూర్చి, గురించి ద్వితీయా విభక్తి’ అని స్టడీ అవర్‌లో గొంతెత్తి వల్లె వేయకుండా పదో తరగతి దాటిన హాస్టల్ విద్యార్థి మనలో ఒక్కరూ ఉండరు. ఇంగ్లీషు పీరియడ్‌లో దీనికి జోడీగా ప్రిపొజిషన్లు ఉండేవి. ఖాళీలలో ఇన్, ఆన్, ఎట్, టు నింపాలి. ఐదు ఖాళీలకు ఐదు మార్కులు. ఏది ఎక్కడ ఎందుకు వస్తుందని అడిగితే ‘అది అంతే, గుర్తుపెట్టుకోండి’ అన్న జవాబే వచ్చేది. ఈ చిన్న మాటలకు సొంత అర్థం ఏమీ లేదని, రెండు పదాలను కలిపే పని మాత్రమే చేస్తాయని గైడ్లలో కూడా రాసి ఉంటుంది.

సొంత అర్థం లేని మాట అసలు ఎలా పుడుతుంది? ఎవరైనా పదిమంది కూర్చొని ‘అర్థం లేని మాట ఒకటి తయారు చేద్దాం’ అనుకొని ఉంటారా? పి.జి.లో భాషాశాస్త్రం పాఠాలు మొదలయ్యాక మా మనసులో గట్టిగా నాటుకున్న ప్రశ్న ఇది. దానికి జవాబుగా వచ్చిన ఉదాహరణల్లో ఒకటి స్వీడన్ దేశపు మాట ‘హోస్’. హెచ్, ఓ, ఎస్ అని మూడే అక్షరాలు. ఆ మాట పుట్టుక గురించి మేము చదివి తెలుసుకున్నది మన వార్షికోత్సవ సంచిక చదివే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ చెప్పాలనిపించి ఈ వ్యాసం రాస్తున్నాం. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు. ‘ఏం చదువుతున్నావు నాయనా’ అని మా అమ్మ అడిగితే, మాటలు ఎక్కడినుంచి వచ్చాయో చదువుతున్నామని చెప్పాం. ‘నోట్లోంచి కాక ఇంకెక్కడినుంచి వస్తాయి’ అంది. అమ్మ మాట కొట్టివేయదగ్గదేమీ కాదు. ఈ కథలో సగం నోటి పనే.

హోస్ అంటే ఏమిటి?

స్వీడన్ ఐరోపా ఖండంలో ఉత్తరాన ఉంది. స్వీడిష్ మాతృభాషగా గలవారు సుమారు కోటి మంది. పక్కనున్న ఫిన్లాండ్‌లో కూడా అది అధికార భాషల్లో ఒకటి. ఇంగ్లీషు, జర్మన్, డేనిష్, నార్వేజియన్, ఐస్‌లాండిక్ భాషలు దీనికి దాయాదులు. మన తెలుగు ద్రావిడ కుటుంబానికి చెందింది కాబట్టి స్వీడిష్‌తో రక్తసంబంధం లేదు. ఈ వ్యాసంలో అక్కడక్కడ తెలుగు మాటలతో పోల్చి చెప్పేది సులువుగా అర్థం కావడానికే గాని చుట్టరికం కలపడానికి కాదు.

మనకు విభక్తి పేరు తర్వాత వస్తుంది, వాళ్ళకు ఇంగ్లీషులో లాగే ముందు వస్తుంది. ‘యాగ్ బూర్ హోస్ మిన్ ముస్తెర్’ అంటే ‘నేను మా పిన్ని దగ్గర ఉంటున్నాను’ అని. యాగ్ అంటే నేను, బూర్ అంటే నివసిస్తున్నాను, మిన్ అంటే నా. ముస్తెర్ అంటే అమ్మకు అక్కో చెల్లెలో అయిన మనిషి. ఇంగ్లీషులో అందరూ ఆంటీలే కదా! స్వీడిష్‌లో అలా కాదు, అమ్మ వైపు వేరు, నాన్న వైపు వేరు. అమ్మకు ‘మూర్’ అనే మాట ఉంది. అమ్మ తల్లిని ‘ముర్ముర్’ అంటారు, అంటే అమ్మ, మళ్ళీ అమ్మ. మన ‘అమ్మమ్మ’ కూడా అచ్చంగా ఇంతే. వినడానికి మరమరాల్లా ఉన్నా మాకు బాగా నచ్చిన మాట ఇది. ‘హోస్ ముర్ముర్’ అంటే అమ్మమ్మ దగ్గర, అమ్మమ్మ వాళ్ళింట్లో.

డాక్టరు గారి దగ్గర ఉన్నాను అనాలంటే ‘హోస్ దొక్తొర్న్’ అంటారు. నా దగ్గరే ఉండు అనాలంటే ‘స్తన్నా హోస్ మేయ్’ అంటారు. మనం ‘దగ్గర’, ‘వద్ద’, ‘వాళ్ళింట్లో’, ‘తో పాటు’ అని నాలుగు మాటలు వాడే చోట్ల వాళ్ళు ఈ ఒక్క మాటతో పని గడుపుకుంటారు. పలికేటప్పుడు అది ‘హూస్’కు దగ్గరగా వినిపిస్తుంది. అయితే రాత హెచ్-ఓ-ఎస్ కాబట్టి ఈ వ్యాసంలో హోస్ అనే రాస్తున్నాం. ఇల్లు అనే మాటను స్వీడిష్‌లో హెచ్-యు-ఎస్ అని రాస్తారు. దాన్ని ‘హుస్’ అని రాస్తున్నాం. ఈ రెండింటినీ గుర్తుపెట్టుకుంటే చాలు, మిగతాది కథే.

అసలు ఊరు

స్వీడన్‌లో 1786లో రాజు స్థాపించిన స్వీడిష్ అకాడమీ అనే సంస్థ ఉంది. సాహిత్యానికి నోబెల్ బహుమతి ఎవరికివ్వాలో నిర్ణయించేది ఇదే. అకాడమీ వారి మహానిఘంటువు మొదటి సంపుటం 1898లో వస్తే చివరి అక్షరం దాకా పూర్తయింది 2023లో. మొదలుపెట్టినవారిలో ఒక్కరూ ముగింపు చూడలేదు. ఇది కాక ఎలోఫ్ హెల్‌క్విస్ట్ అనే ఆచార్యుడు స్వీడిష్ మాటల పుట్టుకల మీదే ప్రత్యేకంగా కూర్చిన నిఘంటువు 1922లో వచ్చింది. ఇలాంటి పుస్తకాలు హోస్‌ను గురించి చెప్పే ముఖ్యమైన వివరణ ఒకటుంది. అది ‘హుస్’ అనే మాటకే ఇంకో రూపం, అంటే ఇల్లే!

వైకింగులనే ఓడ వీరుల కాలంలో ఉత్తర ఐరోపాలో మాట్లాడిన పాత నార్స్ భాషలో ఇంటిని ‘హూస్’ అన్నారు. ఇంగ్లీషు హౌస్, జర్మన్ హౌస్, స్వీడిష్ హుస్ అన్నీ దాని తోబుట్టువులే. అంతకు వెనక్కి వెళితే దారి కనబడదు. నాలుగో శతాబ్దంలో బైబిలు అనువాదమైన గోతిక్ భాషలో కూడా ఈ మాట ఒంటరిగా దొరకదు, ‘గుద్‌హుస్’ అనే జంటమాటలో మాత్రమే దొరుకుతుంది. దేవుడి ఇల్లు, గుడి అని అర్థం. మామూలు ఇంటికి గోతిక్‌లో వేరే మాట ఉంది.

సరే, ఇల్లు ‘దగ్గర’గా ఎలా మారింది? ‘ఫలానా వారి ఇంట’ అని రోజుకు పదిసార్లు అనవలసి వచ్చినప్పుడు మనసు ఆ మనిషి మీద ఉంటుంది గాని ఇంటి మీద ఉండదు. ‘ఎక్కడికి?’ అంటే ‘పెద్దనాన్న వాళ్ళింటికి’ అంటాం. పెద్దనాన్న అన్న చోట గొంతు లేస్తుంది, ఇంటికి అన్న చోట దిగిపోతుంది. గొంతు దిగిన చోట మాట అరుగుతుంది. ‘వాళ్ళ ఇంటికి’ కాస్తా ‘వాళ్ళింటికి’ అవుతుంది. పాత స్వీడిష్‌లోనూ ఇలాగే ‘హుస్’ అనే పేరుమాట ఒత్తు పోయి, అచ్చు మారి, హోస్ అయిందంటారు. ఒత్తి పలికిన చోట హుస్ హుస్‌గానే మిగిలింది. ఒత్తు లేని చోట హోస్‌గా విడిపోయింది. ఒక్క మాట రెండయింది.

ఇది నమ్మశక్యంగా లేదనిపిస్తే మనకు తెలిసిన ఇంగ్లీషు చూడండి. ఒక ఎఫ్ ఉన్న ‘ఆఫ్’, రెండు ఎఫ్‌లు ఉన్న ‘ఆఫ్’ ఒకప్పుడు ఒక్కటే మాట. ఒత్తి పలికినది రెండు ఎఫ్‌లతో దూరమవడం అనే అర్థానికి పోయింది. మెత్తగా పలికినది ఒక ఎఫ్‌తో షష్ఠీ విభక్తి పనికి పోయింది. ఖాళీలలో ఏది నింపాలో తెలియక మనం పెన్సిలు కొరికిన ఆ రెండూ కవల పిల్లలన్న మాట.

తెలుగులో కూడా ఈ అరుగుదల మన కళ్ళ ముందే ఉంది. తృతీయా విభక్తి చేత, చే, తోడ, తో. ‘రామునిచేత’ అంటే మొదట రాముని చేతి మీదుగా అనే. చేయి అన్నది శరీరంలో భాగం. దానికి సొంత అర్థం ఉంది. వాడగా వాడగా చేత అయింది, మరీ అరిగి చే అయింది. ‘తోడు’ అంటే మనిషికి మనిషి జతగా ఉండటం. అది తోడ అయి తో అయింది. ద్వితీయలోని గురించిలో ‘గురి’ ఉంది, పంచమిలోని పట్టిలో ‘పట్టు’ ఉంది. చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణం అచ్చు వేయించేనాటికి ఇవన్నీ విభక్తుల వరుసలో ఎప్పుడో స్థిరపడిపోయాయి. మనం వరుసను బట్టీ పట్టాం. ఆ వరుసలో చేతులూ తోడులూ ఉన్నాయని ఎవరైనా ఒక్క ముక్క చెప్పి ఉంటే బట్టీ సగం తేలికయ్యేది.

ఇలా నిండైన మాట వ్యాకరణపు పనిముట్టుగా మారడానికి ‘గ్రమాటికలైజేషన్’ అని పేరు. ఫ్రెంచి భాషావేత్త ఆంత్వాన్ మెయ్యే 1912లో రాసిన వ్యాసంతో ఈ పేరు వాడుకలోకి వచ్చింది. ప్రపంచ భాషల్లో ఇలాంటి మార్పులను పోగుచేసి బెర్న్‌డ్ హైనె, తానియా కుతేవా 2002లో ఏకంగా ఒక నిఘంటువే ప్రచురించారు. అందులో శరీర భాగాలకు చాలా చోటు దక్కింది. వీపు ‘వెనుక’ అవుతుంది, ముఖం ‘ముందు’ అవుతుంది. ఇల్లు కూడా అలా మారే మాటల్లో ఒకటి.

ఇల్లు ఒక్క స్వీడన్‌లోనే అరగలేదు

హోస్ కథకు గట్టి సాక్ష్యం దూరాన ఫ్రెంచిలో దొరుకుతుంది. లాటిన్‌లో ‘కాసా’ అంటే గుడిసె, చిన్న ఇల్లు. అది అరిగి ఫ్రెంచిలో ‘షే’ అయింది. దాని అర్థం హోస్‌కు సరిగ్గా సమానం: ఫలానా వారి దగ్గర, వారింట. అయితే ఒక తేడా ఉంది. ఫ్రెంచిలో ఇల్లు అనే పేరుమాటగా కాసా చచ్చిపోయింది. ఇంటికి వేరే మాట వచ్చింది. ఏవో కొన్ని ఊరి పేర్లలో మాత్రం మిగిలింది. ‘లా షేజ్ ద్యూ’ అనే ఊరి పేరు దేవుని ఇల్లు అనే లాటిన్ మాట నుంచి వచ్చిందే. స్వీడన్‌లో మాత్రం తల్లీ బిడ్డా ఇద్దరూ బతికే ఉన్నారు. ‘మా పిన్ని దగ్గర ఒక చిన్న ఇంట్లో ఉంటున్నాను’ అనే స్వీడిష్ వాక్యంలో హోస్ ఒక చోట, హుస్ ఒక చోట వస్తాయి. మాట్లాడేవారికి ఆ రెండూ ఒకటేనన్న ఊహే రాదు.

ఐస్‌లాండ్ వారు హోస్ వాడరు, ‘హ్యా’ అంటారు. అర్థం అదే. ఈ హ్యా కూడా కుటుంబం, ఇంటిల్లిపాది అనే అర్థం గల పాత మాట వేరు నుంచే వచ్చిందని పండితులు భావిస్తారు. అంటే ఒకే భాషాకుటుంబంలో రెండు వేర్వేరు మాటలు ఒకే దారిలో నడిచాయి.

దారిలో తమిళాన్ని కూడా చూసి పోదాం, ఎందుకంటే ఇక్కడ మనకు నిజంగానే రక్తసంబంధం ఉంది. తమిళంలో ‘ఇల్’ అంటే ఇల్లు. మన ఇల్లూ అదీ ఒకటే. తమిళంలో సప్తమీ విభక్తి ప్రత్యయం కూడా ‘ఇల్’. ఊరిలో, చెట్టులో అన్న చోట వాళ్ళు వాడేది ఇదే. ఇల్లు అనే మాటే ఈ ప్రత్యయమైందని కొందరు భాషావేత్తల అభిప్రాయం. తెలుగులో ఇల్లు అలా అరగలేదు. ‘ఇంట గెలిచి రచ్చ గెలువు’ అన్నప్పుడు ఇంట అంటే ఇప్పటికీ ఇంట్లో అనే. తెలుగులో ఇల్లు వేరే వైపు పెరిగింది, వంశం వైపూ పెళ్ళి వైపూ. ఇంటిపేరు, ఇల్లాలు, ఇల్లరికం. పెళ్ళయితే ‘ఒక ఇంటివాడయ్యాడు’ అంటాం. చిత్రమేమిటంటే ఇంగ్లీషులో భర్తను ‘హజ్‌బెండ్’ అనడం కూడా ఇంతే. అది పాత నార్స్ మాట ‘హూస్‌బోందీ’, అంటే ఇల్లు గలవాడు. వైకింగులు ఇంగ్లండులో స్థిరపడినప్పుడు ఇంగ్లీషువారి నోటికి పట్టింది. స్వీడిష్‌లో అదే మాట ‘హుస్‌బొందె’. దానికి యజమాని అని అర్థం.

ఇంగ్లీషు చేసిన పని ఇంకా తమాషాగా ఉంటుంది. మామయ్య వాళ్ళింట్లో అనడానికి ‘ఎట్ మై అంకుల్స్’ అంటారు. ఆ చివరి ఎస్ తర్వాత హౌస్ ఉండాలి, దాన్ని మింగేశారు. స్వీడిష్ ఇంటిని ఉంచుకొని దాన్ని గుర్తుపట్టకుండా చేసింది. ఇంగ్లీషు ఇంటిని తీసేసి తలుపు గొళ్ళెంలా ఒక ఎస్ మిగిల్చింది.

ఇంకో అభిప్రాయం

హోస్ ఇంటి నుంచి కాదు, ‘గుంపు, వెంట నడిచే జట్టు’ అనే అర్థం గల పాత జర్మానిక్ మాట నుంచి వచ్చి ఉండవచ్చునన్న అభిప్రాయం కూడా ఉంది. ఆ మాట పాత ఇంగ్లీషులో ‘హోస్’గానే ఉంది, గోతిక్‌లో ‘హన్సా’గా ఉంది. మధ్యయుగంలో ఉత్తర సముద్రాల వర్తకాన్ని గుప్పిట్లో పెట్టుకున్న ‘హన్సా’ అనే వర్తక పట్టణాల కూటమిని చరిత్రలో చదివే ఉంటారు, ఆ హన్సా ఇదే మాట. ఈ అభిప్రాయం ఎందుకు వచ్చిందంటే ఇల్లు అనే మాటలోని అచ్చు ‘ఓ’గా మారడం స్వీడిష్‌లో మామూలుగా జరిగే మార్పు కాదు. ఒత్తు పోయిందని చెబితే తప్ప లెక్క కుదరదు. శబ్దపరంగా లెక్క అడగటం న్యాయమే. ‘చూడ్డానికి ఒకేలా ఉంది కాబట్టి ఒకటే’ అనుకోవడం వ్యుత్పత్తి శాస్త్రంలో చెల్లదు.

ఈ రెండో అభిప్రాయమే నిజమనుకున్నా మనకు కొత్తేమీ కాదు. జట్టు అనే మాట ‘దగ్గర’ అయితే మన తోడు ‘తో’ అయినట్టే. అయినా మా మొగ్గు ఇంటి వైపే. అర్థం అటే లాగుతోంది. పక్కింటి ఫ్రెంచిలో జరిగింది, ఐస్‌లాండ్‌లో ఇంటిల్లిపాది అనే మాట అదే దారి పట్టింది. ఒకరి వెంట నడవడం, ఒకరి జట్టులో ఉండటం అనే అర్థం హోస్‌లో దాదాపు లేదు. దాంట్లో ఉన్నదంతా ఒకరి చోట ఆగడం, ఒకరి చోట ఉండటం.

‘చూడ్డానికి ఒకేలా’ అన్నాం కాబట్టి ఒక హెచ్చరిక. హోస్ వినగానే మన హాస్టల్ గుర్తొస్తుంది. ఆ రెండింటికీ ఏ సంబంధమూ లేదు. హాస్టల్ లాటిన్ ‘హోస్పెస్’ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. హోస్పెస్ అంటే అతిథి, అతిథిని ఆదరించేవాడు కూడా. హాస్పిటల్, హోటల్ దాని అన్నదమ్ములు. స్వీడిష్‌లో దీనికి దూరపు చుట్టం కావాలంటే అతిథి అనే అర్థంలో ఉన్న ‘యెస్త్’ అనే మాటను చూపాలి, ఇంగ్లీషు ‘గెస్ట్’ అదే. మనం ఉండే చోటికి పెట్టిన పేరులో అతిథి ఉన్నాడు, ఇల్లు లేదు.

ఇంటి ముందు నిలవని ఇల్లు

ఇప్పుడు అసలైన విచిత్రం. ఇంటి నుంచి పుట్టిన ఈ హోస్‌ను ఇంటి ముందు పెట్టి వాడలేరు. ‘ఇంట్లో’ అనాలంటే వేరే మాట ‘ఈ’ వాడాలి. హోటల్లో అనాలంటే ‘పో’ వాడాలి. హోస్ తర్వాత మనిషి రావాలి. మనిషి కాకపోతే మనుషులున్న సంస్థ రావాలి, ప్రాణమున్న జీవి రావాలి. గోడలు అరిగి పోయాయి, మనిషి మిగిలాడు.

అలా గోడలు పోయాక అది చాలా దూరం నడిచింది. ‘హోస్ మేయ్’ అని అడవిలో చెట్టు కింద కూర్చొని కూడా అనవచ్చు, అక్కడ ఇల్లేమీ లేదు. ‘తప్పు మాలోనే ఉంది’ అనడానికి హోస్ వాడతారు, తప్పు మా ఇంట్లో కాపురం ఉన్నట్టు. ‘పిల్లల్లో జ్వరం’ అని వైద్యులు కరపత్రం వేస్తే ‘ఫేబెర్ హోస్ బార్న్’ అని శీర్షిక పెడతారు. ఆఫీసులో అర్జీ పెట్టుకోవడానికీ ఇదే మాట. మన తెలుగువారు కూడా ఉద్యోగాల మీద, చదువుల మీద స్వీడన్ వెళ్తున్నారు. అనుమతి పత్రాల కోసం వలసల శాఖ ‘హోస్’ అర్జీ పెట్టుకోవాలి. గది దొరక్క ఎవరింట్లోనైనా ఒక గది అద్దెకు తీసుకుంటే ఫలానా వారి ‘హోస్’ ఉంటున్నామని చెప్పాలి. 1703 నాటి స్వీడిష్ బైబిలులో యోహాను సువార్త మొదటి వాక్యంలో దేవుని ‘యొద్ద’ అని తెలుగులో ఉన్న చోట ‘నేర్’ అనే వేరే మాట ఉండేది, 1917 అనువాదానికి వచ్చేసరికి ఆ చోట హోస్ కూర్చుంది.

మరి హాస్టల్లో ఉండే పిల్లవాడు ఏమనాలి? బడి పిల్లల హాస్టల్‌ను స్వీడిష్‌లో ‘ఎలేవ్‌హెమ్’ అంటారు, విద్యార్థుల ఇల్లు అని. దానికి ముందు హోస్ రాదు, ‘పో’యే వస్తుంది, ఎందుకంటే అది మనిషి కాదు, భవనం. మనం ఇంటికి రాసే ఉత్తరాల మీద, మనకొచ్చే మనియార్డర్ల మీద ‘కేరాఫ్ హాస్టల్ వార్డెన్’ అని ఉండేది చూశారూ, ఆ కేరాఫ్ పక్కా హోస్. దాని తర్వాత మనిషే రావాలి. ఊళ్ళో ‘నువ్వెవరి తాలూకు?’ అని అడిగే ప్రశ్నకు కూడా జవాబు మనిషి పేరే గాని ఇంటి నంబరు కాదు.

స్వీడన్‌లో పేదవాళ్ళను ఈ ప్రశ్న బాగా ఏడిపించింది. ఇప్పుడు ధనిక దేశమే గాని, పంతొమ్మిదో శతాబ్దంలో భూమి లేని కూలీలతో నిండిన దేశం అది. సొంత గూడు లేక ఇతరుల ఇళ్ళల్లో తలదాచుకునేవారిని చర్చి రిజిస్టర్లలో ‘ఇన్‌హ్యూసెస్’ అని రాసేవారు. ఇందులో మళ్ళీ హుస్ ఉంది: ఇంకొకరి ఇంటి లోపలివారు అని. వాళ్ళనే ‘ఇన్‌హ్యూసెస్‌యూన్’ అని కూడా అన్నారు. ఆ చివరి ‘యూన్’ పైన మనం చూసిన ఐస్‌లాండ్ మాట హ్యాకు చుట్టం. ఎవరూ లేని పేద ముసలివారినీ అనాథ పిల్లలనూ పోషించే భారం ఊరి చర్చి పరగణాది. దానికి రెండు పద్ధతులు నడిచాయి. ఒకటి, ఇంటింటికీ కొన్ని రోజులు చొప్పున తిప్పడం. రెండు, వేలం పాట. మన వేలంలో ఎక్కువ పాడినవాడికి సరుకు దక్కుతుంది. అక్కడ ‘ఈ పిల్లను ఏడాదికి ఇంత ఇస్తే సాకుతాను’ అని అందరికంటె తక్కువ అడిగిన రైతుకు ఆ పిల్ల దక్కేది. ఆ తర్వాత ఆమె ఫలానా రైతు ‘హోస్’. 1918లో వచ్చిన పేదల సహాయ చట్టం ఈ రెండు పద్ధతులనూ నిషేధించింది.

ఇంటింటికీ తిప్పడం అనగానే వారాలు చేసుకొని చదువుకున్న మన పెద్దల కథలు గుర్తొస్తాయి. రోజుకో ఇంట్లో భోజనం. పాఠ్యపుస్తకాల్లో చదివాం. మా తాతల కాలంలో మా వాడ పిల్లల్ని వారానికి పిలిచే ఇల్లు ఊళ్ళో ఒక్కటీ లేదు. ‘దగ్గర’ అనే విభక్తి పెట్టడానికి ముందో వెనకో ఒక మనిషి పేరు ఉండాలి కదా, ఆ పేరే దొరకలేదు. సోషల్ వెల్ఫేర్ హాస్టల్ ఎందుకు వచ్చిందో ఇంతకంటె వివరంగా చెప్పనక్కరలేదు.

అలా ఒకరి తర్వాత ఒకరి ‘హోస్’ పెరిగిన స్వీడిష్ పిల్లల్లో హారీ మార్టిన్‌సన్ ఒకడు. 1904లో దక్షిణ స్వీడన్‌లోని బ్లెకింగె ప్రాంతంలో పుట్టాడు. 1910లో తండ్రి పోయాడు. తల్లి పిల్లల్ని వదిలి అమెరికా వెళ్ళిపోయింది. చర్చి పరగణా అతన్ని రైతుల ఇళ్ళల్లో పెట్టింది. ఒక ఇంటినుంచి ఇంకో ఇంటికి, అక్కడినుంచి మరో ఇంటికి. పారిపోయాడు, పదహారేళ్ళ ప్రాయంలో ఓడ ఎక్కి కూలి పని చేశాడు. పెద్ద చదువులు లేవు. ఆ చిన్నతనాన్నే 1935లో నవలగా రాశాడు, దాని పేరుకు దురదగొండి పూసింది అని చెప్పుకోవచ్చు. 1949లో స్వీడిష్ అకాడమీ అతన్ని సభ్యుడిగా తీసుకుంది. హోస్ అనే మాటకు పుటలకొద్దీ అర్థాలు రాసిన మహానిఘంటువు ఈ అకాడమీదే. 1974లో ఐవింద్ యూన్‌సన్‌తో కలిపి అతనికి నోబెల్ బహుమతి వచ్చింది.

హోస్‌కు ఇంకో వాడుక ఉంది, పైన చెప్పలేదు. ఒక రచయిత రచనల్లో ఏదైనా కనిపిస్తుందని చెప్పాలంటే ఆ రచయిత పేరు ముందు హోస్ పెడతారు. స్ట్రిండ్‌బెర్గ్ నాటకాల్లోని స్త్రీలను గురించి రాయాలంటే ‘స్త్రీలు హోస్ స్ట్రిండ్‌బెర్గ్’. రచన కూడా ఆ మనిషి ఇల్లే అన్నట్టు. ఈ పద్ధతిలోనే స్వీడన్ విద్యార్థులు ‘ప్రకృతి హోస్ మార్టిన్‌సన్’ అని వ్యాసాలకు శీర్షిక పెట్టుకోవచ్చు.